ప్రకృతి విరుద్ధం అనే మాట ఎవరిది?

(వాడ – చర్చి – రాజ్యాంగం: ఆరో భాగం)



ఈ భాగం గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల గురించీ, వాళ్ళు అడుగుతున్న పెండ్లి హక్కు గురించీ. మాదిగవాడలో పుట్టిన క్రైస్తవురాలిగా రాస్తున్నాను. మాదిగ అనే మాటనూ క్రైస్తవురాలు అనే మాటనూ విడదీసి చదవొద్దు. విడదీస్తే నేను చెప్పేదాంట్లో మిగిలేదేమీ ఉండదు.

మా జక్రాన్‌పల్లికి ఎయిర్‌పోర్టు వస్తదని ఏండ్ల నుంచి వింటున్నాం. అది రాలేదు గానీ అమెరికా ప్రసంగాలు మాత్రం విమానం అక్కర లేకుండానే దిగిపోతున్నాయి. స్వలింగ ప్రేమ మాట వచ్చిందంటే చాలు, మన పాస్టర్లు ఒక వాక్యం తప్పకుండా అంటారు: దేవుడు ఆదామునూ హవ్వనూ చేశాడు గానీ ఆదామునూ స్టీవ్‌నూ చేయలేదు. ఇది మొదటిసారి విన్న రోజు నా పక్కన చాప మీద కూర్చున్న ముసలామె మెల్లగా అడిగింది, "స్టీవు ఎవలు బిడ్డా, ఏ పుస్తకంల ఉన్నడు?" అని. ఏ పుస్తకంలోనూ లేడు అవ్వా. ఇంగ్లీషులో ఈవ్‌కూ స్టీవ్‌కూ ప్రాస కుదిరింది కాబట్టి అక్కడెవరో నవ్వించడానికి కట్టిన నినాదం అది. తెలుగులో ఆ ప్రాస కూడా లేదు. ప్రాస పోయిన నినాదాన్ని నెత్తిన పెట్టుకొని మోసుకొచ్చి, మళ్ళీ అదే నోటితో "ఇదంతా పాశ్చాత్య సంస్కృతి" అంటారు.

పాశ్చాత్య సంస్కృతి. ఈ మాట మనకు కొత్తదా? మన ప్రార్థన మందిరం మీదికి రాయి పట్టుకొని వచ్చేవాడు అనే మాట అదే గదా. నీ దేవుడు విదేశీ, నీ పుస్తకం విదేశీ, నీ పేరు విదేశీ. ఆ రాయి మనకు తగిలినప్పుడు నొప్పి అనీ, మనం ఇంకొకరి మీద విసిరినప్పుడు వాక్యం అనీ ఎట్లా అంటాం?

నేను తెలుగు చెప్పుకొని బతికేదాన్ని. మాట ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది అని చూడటం నా పని. కాబట్టి ఈ చర్చలో అందరూ వాడే "ప్రకృతి విరుద్ధం" అనే మాటను కాస్త వెతుకుదాం.

1860లో ఇంగ్లీషు దొరలు భారత శిక్షాస్మృతి చేశారు. అందులో 377వ సెక్షన్ ప్రకృతి క్రమానికి విరుద్ధమైన సంభోగాన్ని నేరం చేసింది. ప్రకృతి క్రమం అంటే ఏమిటో ఆ సెక్షన్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నారు. అధికారంలో ఉన్నవాడికి తన అలవాటే ప్రకృతి. మన దేశంలో ఆ పనిని అంతకు ముందే ఒకాయన చేసి పెట్టాడు. మనుస్మృతి పదో అధ్యాయం తెరవండి. శూద్ర పురుషుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడు, వాడు ఊరి బయట ఉండాలి, పగిలిన కుండల్లో తినాలి అని ఉంటుంది. చరిత్రగా అది నిజమా అబద్ధమా అన్నది వేరే సంగతి. మను మనకు చెప్పిన కథ మాత్రం ఇది: అంటరానితనం ఒక తప్పు పెండ్లికి పడిన శిక్ష. కలవకూడని ఇద్దరు కలిశారు, క్రమం చెడింది, అందుకే వాడ ఊరవతల ఉంది. పెండ్లిని కాపలా కాయడమే కులం చేసే అసలు పని అని బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లో ఊరికే అనలేదు. కులం పోవడానికి అసలు మందు కులాంతర వివాహమే అన్నాడు ఆయన.

ఇప్పుడు ఒక కోర్టు కాగితం చూడండి. ఢిల్లీ హైకోర్టు 2009 జూలైలో 377ను ఇష్టపూర్వకమైన సంబంధాలకు వర్తించకుండా చేసింది. దాన్ని కొట్టేయమని కొందరు సుప్రీంకోర్టుకు పోయారు. 2013 డిసెంబరు 11న వాళ్ళే గెలిచారు. ఎవరు పోయారో ఆ తీర్పులోనే పేర్లున్నాయి. అపొస్తలిక్ చర్చెస్ అలయన్స్ ఉంది. ఉత్కల్ క్రిస్టియన్ కౌన్సిల్ ఉంది. ట్రస్ట్ గాడ్ మిషనరీస్ ఉంది. ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది. వీళ్ళ పక్కనే, అదే వరుసలో, క్రాంతికారీ మనువాదీ మోర్చా పార్టీ ఉంది. నేను పెట్టిన పేరు కాదు, వాళ్ళు పెట్టుకున్నదే. మనువు పేరును జెండాగా ఎగరేసే పార్టీ, సిలువను జెండాగా ఎగరేసే సంఘాలు ఒకే పక్షాన నిలబడి ఒకే తీర్పు కోరాయి. కంచికచర్లకూ కారంచేడుకూ చుండూరుకూ కలిసి రాని పెద్దలు ఇక్కడ ఎంత తొందరగా కలిశారో!

ఐదేండ్ల తర్వాత, 2018 సెప్టెంబరు 6న, సుప్రీంకోర్టు ఆ తీర్పును సరిదిద్దింది. హైదరాబాదులో పిల్లలు రంగుల జెండాలు పట్టుకొని ఏడ్చారు, నవ్వారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న పెరుమాళ్ళ ప్రణయ్‌ను కడుపుతో ఉన్న భార్య కండ్ల ముందే నరికారు. ప్రణయ్ దళిత క్రైస్తవుడు. ఆ పిల్ల వైశ్యుల బిడ్డ. వాళ్ళిద్దరిదీ ఆడా మగా పెండ్లే. ఆదామూ హవ్వా లెక్కే. అయినా చంపినవాళ్ళ కండ్లకు అది క్రమం తప్పిన పెండ్లే. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ రెండు తేదీలను నేను విడివిడిగా గుర్తు పెట్టుకోలేను. ఎవరు ఎవరిని ప్రేమించాలో మేము చెప్తాం అనేవాడు రెండు చోట్లా ఒక్కడే. ప్రణయ్ సమాధి దగ్గర పాట పాడిన మనం, ఇంకో పిల్లవాడి ప్రేమను ప్రకృతి విరుద్ధం అంటే, నరికినవాడి నిఘంటువు నుంచి మాట అరువు తెచ్చుకున్నట్టే.

"అది సరే మేడమ్, మరి బైబిల్?" అంటారు. రండి, బైబిల్లోకే పోదాం. నాకు దాంతో ఏ భయమూ లేదు, అందులోనే అక్షరాలు దిద్దుకున్నాను.

ప్రకృతి అనే వాదన పౌలు రోమా పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. స్వభావానికి విరుద్ధమైన సంబంధాలను ఆయన ఖండించాడు. దీన్ని నేను దాచిపెట్టను. అయితే అదే పత్రికను పదకొండో అధ్యాయం దాకా చదవండి. అడవి ఒలీవ కొమ్మను తెచ్చి మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టిన ఉపమానం వస్తుంది. అన్యజనులను దేవుడు తన ప్రజల్లో ఎట్లా చేర్చుకున్నాడో చెప్పే ఉపమానం. ఆ అంటుకట్టడాన్ని పౌలు ఏమన్నాడు? స్వభావ విరుద్ధం అన్నాడు. గ్రీకులో రెండు చోట్లా అదే మాట. తెలుగు బైబిల్లోనూ పోలిక కనపడుతుంది, వేలు పెట్టి చూసుకోండి. మొదటి అధ్యాయంలో ఏ మాటతో ఒకరిని బయటికి నెట్టారో, పదకొండులో అదే మాట దేవుడు చేసిన పనికి వాడారు. మనం యూదులం కాదు. నువ్వూ నేనూ మన పాస్టరూ అడవి కొమ్మలమే, స్వభావ విరుద్ధంగా అంటుకట్టబడ్డవాళ్ళమే. అదే పౌలు కొరింథీయులకు రాస్తూ మగవాడు జుట్టు పెంచుకోవడం అవమానమని స్వభావమే నేర్పుతుంది గదా అన్నాడు. చర్చి గోడ మీది క్యాలెండర్‌లో యేసు జుట్టు ఎంత పొడుగుందో చూసి, ఆ క్యాలెండర్‌ను ఎవరైనా దించారా?

పౌలు స్వలింగ వివాహాన్ని సమర్థించాడని నేను అనడం లేదు. ఇద్దరు సమానులు జీవితాంతం తోడుంటామని ప్రమాణం చేసుకునే ప్రశ్న ఆయన ముందుకు రాలేదు. బానిసల్నీ చిన్నపిల్లల్నీ యజమానులు వాడుకునే రోమా లోకం ఆయన చుట్టూ ఉంది. బానిసత్వాన్ని రద్దు చేయమని కూడా పౌలు ఎక్కడా రాయలేదు. ఆ వాక్యాలే చూపించి అమెరికాలో నల్లవాళ్ళను అమ్ముకున్నారు. బానిసల యజమానులను మిషనరీలుగా పంపొచ్చా వద్దా అన్న తగవు మీదే 1845లో సదరన్ బాప్టిస్టులు వేరు కుంపటి పెట్టుకున్నారు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్నదీ పౌలు పేరు మీదున్న మాటే. మరి 2013లో మన తెలుగు నేల మీద, నంద్యాలలో, సి.ఎస్.ఐ. సంఘం పుష్పలలితమ్మ గారిని బిషప్‌గా అభిషేకించింది. వాక్యం మారలేదు, చదివే కండ్లు మారాయి. ఒక విషయంలో మారినవి ఇంకో విషయంలో మారకూడదని ఏ అధ్యాయంలో ఉంది?

లేవీయకాండం గురించి ఎక్కువ రాయను. పద్దెనిమిదో అధ్యాయం ఇరవై రెండో వచనాన్ని నోటికి చెప్పేవాళ్ళు అదే అధ్యాయం పద్దెనిమిదో వచనం చదవరు. బతికున్న భార్య మీదికి ఆమె చెల్లెల్ని తేవొద్దంటుంది అది. యాకోబు చేసింది అదే, ఆయన పిల్లలే పన్నెండు గోత్రాలు. పదకొండో అధ్యాయం ప్రకారం పంది, రొయ్య, జెల్ల అన్నీ అపవిత్రం. (పెద్దకూర మాత్రం శుభ్రమేనట. ఆ ఒక్క సంగతిలో మోషే మనవైపే.) ఇవన్నీ పాత ఒడంబడిక, క్రీస్తులో తీరిపోయాయి అంటారు. నిజమే, నేనూ అదే నమ్ముతాను. మరి తీరిపోయిన చట్టంలోంచి ఒక్క వచనాన్నే, అదీ మనకు ఇష్టం లేనివాళ్ళ మీది వచనాన్నే, ఎందుకు దాచి పెట్టుకున్నాం?

పదమూడో అధ్యాయం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే దాని జవాబు మా పక్కనే ఉంది. కుష్ఠు ఉన్నవాడు బట్టలు చింపుకొని, అపవిత్రుణ్ణి అపవిత్రుణ్ణి అని అరుస్తూ, పాళెం బయట ఒంటరిగా బతకాలని ఆ అధ్యాయం చెప్తుంది. జక్రాన్‌పల్లి నుంచి హైవే మీద కాసేపు పోతే డిచ్‌పల్లి. అక్కడ వంద సంవత్సరాల కింద మెథడిస్టు మిషనరీలు ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి కట్టారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బు సాయం చేశాడు. చాల్మోగ్రా జాతి నూనెను సూదిమందుగా ఇచ్చి, ఊళ్ళు తరిమేసిన మనుషులకు అక్కడ మందూ అన్నమూ పడకా ఇచ్చారు. 1932లో చనిపోయేదాకా ఆమె ఆ పనిలోనే ఉంది. మా తాతల కాలంలో ఈ జిల్లాలో చర్చి అంటే ముందు గుర్తొచ్చేది ఆ ఆసుపత్రే. ఆ దంపతులు లేవీయకాండాన్ని అక్షరం తప్పకుండా పాటించి ఉంటే డిచ్‌పల్లిలో ఆసుపత్రి ఉండేది కాదు, రోడ్డు పక్క అరుపులే ఉండేవి. వాళ్ళు మార్కు సువార్త మొదటి అధ్యాయం చదివారు. అక్కడ యేసు ఆ మనిషిని దూరం నుంచి బాగుచేయగలిగి కూడా చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ముట్టుకోవడం అంటే ఏమిటో అంటరానివాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు. స్వలింగ ప్రేమ రోగమని కాదు నేను ఈ పోలిక తెచ్చింది. కాదని వైద్యమే చెప్తున్నది. అపవిత్రుడు అని అరిపించే మతం ఒకటి, ముట్టుకునే మతం ఒకటి ఉంటాయనీ, మన జిల్లాలో చర్చి ఏ మతంగా అడుగు పెట్టిందో మరిచిపోవద్దనీ చెప్పడానికి తెచ్చాను.

ఇక పెండ్లి. పెండ్లి హక్కు అంటే పట్నం గోల అనుకునేవాళ్ళు నిజామాబాద్ జిల్లా చరిత్ర చదవలేదన్నట్టు. జోగినీ ఆచారం ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మాదొకటి. మాలమాదిగ ఆడపిల్లను దేవత పేరు మీద విడిచి, దేవునికి పెండ్లయింది కాబట్టి మనిషితో పెండ్లి లేదన్నారు. పెండ్లి లేదు గానీ పటేలు ఇంటికి పిలుపు ఉండేది. పుట్టిన పిల్లలకు బడిలో తండ్రి పేరు అడిగితే చెప్పడానికి పేరు ఉండేది కాదు. 1988లో చట్టం వచ్చింది. జోగినిగా వదిలిన స్త్రీ చేసుకున్న పెండ్లి చెల్లుతుంది అని ప్రత్యేకంగా చట్టంలో రాయాల్సి వచ్చింది, ఆలోచించండి. మన ఆడవాళ్ళ పెండ్లి చెల్లుబాటు కావడానికి శాసనసభ ఒక వాక్యం రాయాల్సి వచ్చింది. ఆ ఆచారానికి వ్యతిరేకంగా ఈ జిల్లాలో, వర్ని ప్రాంతంలో, ఏండ్ల తరబడి పని చేసి, జోగినీలకు పెండ్లిళ్ళు జరిపించిన మనిషి హేమలతా లవణం. ఆమె ఎవరి బిడ్డో సాహిత్యం చదివే పిల్లలకు తెలియాలి. మహాకవి గుర్రం జాషువా బిడ్డ. జాషువా తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఆ పెండ్లికి శిక్షగా ఆయన బాల్యమంతా రెండు వైపులా వెలివేతే. వెలి అంటే తెలిసిన ఇంటి బిడ్డ గనుకనే, ఎవరికి పెండ్లి లేదంటున్నారో వాళ్ళ దగ్గరికి పోయింది హేమలత.

కాబట్టి ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో వచ్చి మా పెండ్లి చెల్లుతుందని రాయండి అని అడిగితే, ఈ జిల్లా దళితులకు అది వింత కోరికలాగా వినపడకూడదు. మన అవ్వలు అడిగిందే అది.

నా దగ్గర చదివిన ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. అతను చెప్పమన్నాడు కాబట్టి, గుర్తు పట్టే వివరాలు మార్చి చెప్తున్నాను. చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఫోన్‌లో ఏదో చూసి ఇంట్లో వాళ్ళకు తెలిసింది. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. నెత్తి మీద చెయ్యి పెట్టి దయ్యాన్ని గద్దించారు. దయ్యం ఉంటే గదా పోయేది. తర్వాత కీబోర్డు ఆపారు, బల్ల ఆపారు. ఆఖరికి పెద్దలు తేల్చిన మందు పెండ్లి. కౌలుకు వేసిన పసుపు అమ్మినంక ముహూర్తం. నా దగ్గరికి వచ్చి, "పెండ్లయితే తక్కువైతదట మేడమ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చలేదు.

అతని గురించి అందరూ మాట్లాడతారు. నేను ఆ పిల్ల గురించి అడుగుతున్నాను. ఎవరి బిడ్డ ఆమె? ఏ బీడీల గంప ముందు కూర్చొని ఆకు కత్తిరిస్తూ ఏ కలలు కంటున్నది? ఒక మగపిల్లవాణ్ణి బాగు చేయడానికి ఒక ఆడపిల్లను మందుగోలీలాగా వాడతారా? జోగినిని దేవుడి పేరు మీద బలి ఇచ్చారని మనం ఉపన్యాసాలు ఇస్తాం. ఇది ఏ దేవుడి పేరు మీద బలి? ఇద్దరికీ ఇష్టం లేని, ఒకరికి తెలియనే తెలియని అబద్ధాన్ని పీఠం ముందు నిలబెట్టి, 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద రిజిస్టర్‌లో సంతకాలు తీసుకొని, దేవుడు జతపరచినవారు అని ప్రకటించడానికి మన సంఘాలకు చెయ్యి వణకదు. ఇద్దరు మనుషులు నిజంగా ప్రేమించి, నమ్మకంగా ఉంటామంటే మాత్రం పరిశుద్ధ వివాహం మైలపడుతుంది!

(ఆ పెండ్లి ఆగింది. ఆ పిల్లవాడే నోరు తెరిచి ఆపాడు. ఇప్పుడు హైదరాబాదులో పని చేసుకుంటున్నాడు, ఆదివారం ఎక్కడికీ పోవడం లేదు. ఒక సంఘం ఒక వాద్యకారుణ్ణి పోగొట్టుకుంది.)

మా ఆర్మూర్ ప్రాంతంలో ఊరి అభివృద్ధి కమిటీలు దళితులను సాంఘిక బహిష్కరణ చేయడం మీరు పేపర్లలో చదివే ఉంటారు. కిరాణా ఇయ్యొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా. అప్పుడు మనం కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం, ఫోటోలు పెడతాం, రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటాం. బల్ల ఆపడం, పాట ఆపించడం, ఇంటికి రావొద్దని చెప్పడం, ఇవి కమిటీ చేసే పనులు కావా?

ఇంకో మాట. దాచుకొని బతకడం గురించి మనకంటే ఎవరికి తెలుసు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కు దళితులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడివి అంటే ఎస్సీ పోయి బీసీ-సీ. అందుకే మన ఇండ్లలో కాగితం మీద ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. తహసీల్దారు ముందు ఒక మాట, ఆదివారం ఒక మాట. ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి చెప్పడం. హాస్టల్ గదిలో బైబిల్‌ను బట్టల కింద పెట్టడం. ఈ బతుకు బతికినవాళ్ళం, ఒక పిల్లవాడు ఫోన్‌కు లాక్ వేసుకొని భయం భయంగా బతకడాన్ని చూసి పాపం అంటామా, మనలాంటివాడే అంటామా?

ఇక చర్చి పెద్దల ఒక భయం తీర్చాలి. రేపు కోర్టు మమ్మల్ని ఇద్దరు మగవాళ్ళకు పెండ్లి చేయమంటుందట, చేయకపోతే జైలట. అబద్ధం. 2021 డిసెంబరులో హైదరాబాదు దగ్గర పెండ్లి వేడుక చేసుకున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ వేసిన పిటిషన్ పేరు మీదే సుప్రీంకోర్టు కేసు నడిచింది. మతాల వ్యక్తిగత చట్టాల జోలికి పోమని, 1954 ప్రత్యేక వివాహ చట్టం వరకే వింటామని కోర్టు మొదట్లోనే చెప్పింది. అది పాస్టరూ పూజారీ ఖాజీ ఎవరూ లేని చట్టం. రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు అంటించి, ముప్ఫై రోజులు ఆగి, సాక్షుల ముందు సంతకం చేసే చట్టం. కులం దాటి, మతం దాటి ప్రేమించిన మన పిల్లలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పోయే చట్టం అదే. ఆ తలుపు ఇంకో ఇద్దరికి తెరవమని అడిగారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ పెండ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పౌర బంధంగానైనా గుర్తించాలా అన్న దగ్గర ముగ్గురు కాదన్నారు, ఇద్దరు ఔనన్నారు. 2025 జనవరిలో రివ్యూ కూడా కొట్టేశారు. ఇప్పుడు బంతి పార్లమెంటులో ఉంది, అక్కడ ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. పెండ్లి ప్రాథమిక హక్కు కాదన్న మాట రేపు కులాంతర పెండ్లిళ్ళ మీద ఎట్లా వాడతారో అని నాకు భయం. మన లాయర్ మిత్రులు దీని మీద రాయాలి.

దళిత ఉద్యమంలోని మిత్రులు కొందరు అంటారు: అది రిసార్టులో పెండ్లి చేసుకునేవాళ్ళ సమస్య, మనకు మన సమస్యలు చాలవా అని. ఈ విమర్శలో సగం నాకు నచ్చుతుంది. 2015లో ముంబైలో ఒక తల్లి తన గే కొడుక్కి వరుడు కావాలని ప్రకటన ఇచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. అందులో అయ్యర్ అయితే మేలు అని కూడా ఉంది. స్వలింగ ప్రేమకు తలుపు తెరుచుకుంది గానీ కులం గడప దాటలేదు. ఇంద్రధనుస్సు జెండా కింద కూడా మన పిల్లలు ఇంటిపేరు చెప్పడానికి వెనకాడుతున్నారు. ఇవన్నీ నిజాలే. దాన్ని గట్టిగా అడుగుదాం. కానీ రిసార్టువాళ్ళకు చట్టం లేకపోయినా గడుస్తుంది. వీలునామా రాయించుకుంటారు, లాయర్‌ను పెట్టుకుంటారు, ఫ్లాట్ ఇద్దరి పేరు మీద కొంటారు. బీడీలు చుట్టుకునే ఇద్దరు ఆడవాళ్ళు ఒక కప్పు కింద ఇరవై ఏండ్లు బతికితే, ఒకామె చనిపోయిన రోజు రెండో ఆమెకు పీఎఫ్ ఎవరిస్తారు? దుబాయిలో చనిపోయినవాడి శవపేటిక కోసం ఇక్కడ సంతకం పెట్టే హక్కు ఎవరికి ఉంటుంది? ఆపరేషన్ కాగితం మీద "నీకేమైతడు" అని నర్సమ్మ అడిగితే ఏం చెప్పాలి? దోస్తు అని చెప్పాలి. దోస్తుకు సంతకం లేదు.

పెండ్లి చట్టం చిన్న విషయమైతే బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు కోసం 1951లో మంత్రి పదవి వదులుకునేవాడు కాదు. శరీరం గురించి మాట్లాడటం మన ఉద్యమ మర్యాద కాదనేవాళ్ళకు ఇంకోటి గుర్తు చేస్తాను. 1934లో బొంబాయిలో ఆర్.డి. కార్వే అనే ఆయన నడిపే 'సమాజ్ స్వాస్థ్య' పత్రిక మీద అశ్లీలం కేసు పడింది. పాఠకులు స్వలింగ సంబంధాల గురించీ అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చాడన్నది నేరం. ఎవరూ ముట్టుకోని ఆ కేసును వాదించిన లాయర్ అంబేద్కర్. ఓడిపోయాడు. ఓడిపోతానని తెలిసే వాదించి ఉంటాడు.

ఇక ట్రాన్స్ మనుషుల సంగతి తీసుకుంటే, మన చుట్టరికం ఇంకా దగ్గరిది. నేరస్థ తెగల చట్టం అని 1871లో దొరలు చేసిన దాని గురించి మనం ఎరుకల, యానాది మిత్రుల సభల్లో మాట్లాడతాం. ఆ చట్టం పూర్తి పేరులో తెగలతో పాటు హిజ్రాలు కూడా ఉన్నారు. అదే పద్ధతిలో నిజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేసింది. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌లో ఉండాలి, ఆడ బట్టలు కట్టుకొని బజారులో కనపడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ పోయింది, ఆ చట్టం మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకు పోతే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. చదువులో, ఉద్యోగంలో రిజర్వేషన్ ఇవ్వాలనీ, ఆసరా పింఛన్ ఇవ్వాలనీ చెప్పింది. తమిళనాడులో గ్రేస్ బాను అనే దళిత ట్రాన్స్ మహిళ ఎన్నో ఏండ్లుగా అడుగుతున్నది ఇదే: మమ్మల్ని బీసీలో కలిపితే ఎస్సీ ట్రాన్స్ పిల్లలు ఎటూ కాకుండా పోతారు, ప్రతి కులం కోటాలో అడ్డంగా వాటా ఇవ్వండి అని. ఈ లెక్క మన ఉద్యమానికి అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

మళ్ళీ వాక్యానికి వస్తాను. వివాహం మీద ప్రసంగించే ప్రతి పాస్టరూ మత్తయి పందొమ్మిదో అధ్యాయం చదువుతాడు. పురుషునిగా స్త్రీగా సృష్టించెను అనే దగ్గర మొదలుపెట్టి ఆరో వచనం దగ్గర పుస్తకం మూస్తాడు. ఇంకో ఆరు వచనాలు చదవండయ్యా. పన్నెండో వచనంలో యేసు తల్లి గర్భం నుంచే నపుంసకులుగా పుట్టినవాళ్ళ గురించి మాట్లాడతాడు. తిట్టడు, బాగుచేస్తాననడు, దయ్యాన్ని గద్దించడు. వాళ్ళున్నారని చెప్తాడు. ఆడామగా చట్రంలో ఇమడనివాళ్ళు లోకంలో ఉన్నారని, ఆడామగా గురించి చెప్పిన నోటితోనే, ఆ కూర్చున్న చోటనే చెప్తాడు.

ద్వితీయోపదేశకాండం ఇరవై మూడులో నపుంసకుడు దేవుని సమాజంలో చేరకూడదని ఉంది. యెషయా యాభై ఆరులో అదే నపుంసకుడికి కొడుకులకంటే కూతుళ్ళకంటే గొప్ప పేరు ఇస్తానని దేవుడు మాట ఇస్తాడు. ఒక చోట గేటు మూసి ఉంది, ఇంకో చోట గేటు తెరిచారు. బైబిల్ తనతో తనే వాదిస్తున్నది, ఆ వాదనలో తెరిచేవైపు నడుస్తున్నది. ఆ నడక అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో గాజా దారి మీదికి వస్తుంది. ఐతియొపీయ రాణి ఖజానా చూసే నల్లవాడు, నపుంసకుడు, యెరూషలేముకు ఆరాధనకు పోయి తిరిగి వస్తూ రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. అంత దూరం పోయినవాణ్ణి గుడి ఎంతవరకు రానిచ్చిందో లూకా రాయలేదు. మనం ఊహించుకోగలం, మనకు గుడి మెట్లు కొత్త కాదు. ఫిలిప్పు పరుగెత్తి రథం ఎక్కుతాడు. దారిలో నీళ్ళు కనపడగానే ఆయన అడుగుతాడు, నాకు బాప్తిస్మం ఇయ్యడానికి అడ్డమేమిటి అని. ఫిలిప్పు ద్వితీయోపదేశకాండం తియ్యలేదు. నువ్వు ఎట్లా పుట్టావు, ఎట్లా బతుకుతున్నావు అనలేదు. ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. ప్రశ్నకూ నీళ్ళకూ మధ్య కొన్ని బైబిళ్ళలో ఒక షరతు కనపడుతుంది, ముప్ఫై ఏడో వచనం. పాత ప్రతుల్లో ఆ వచనం లేదు. షరతు తర్వాతి చేతులు చేర్చింది.

వచ్చే నెలలో ఒక సంఘం యూత్ వాళ్ళు మాట్లాడటానికి నన్ను పిలిచారు. అంశం 'క్రైస్తవ కుటుంబం' అని వాళ్ళే పెట్టారు. వాక్యభాగం ఏదో పంపండి మేడమ్ అంటే, అపొస్తలుల కార్యములు ఎనిమిది, ఇరవై ఆరు నుంచి చివరిదాకా అని పంపాను. నీలం టిక్కులు పడి పది రోజులయింది. జవాబు వస్తే ఏడో భాగంలో రాస్తాను.